కాపరులకు కుల శిక్షణ: తెలుగు సంఘాల్లో ఒక పాత షరతు

సంఘ కాపరులు, సంఘ పెద్దలు జాతి వివక్షపై శిక్షణ పొంది తీరాలని అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి 2000లో నియమం పెట్టింది. తెలుగు సంఘాల్లో ఆ చోట కులం ఉంది. ఇక్కడ అలాంటి నియమం మాట వస్తే రెండు జవాబులు వినిపిస్తాయి: అది విదేశీ ఆలోచన అని, మిషనరీలు కులాన్ని ఎప్పుడో తుడిచేశారని. చరిత్ర ఈ రెంటినీ బలపరచదు.

దక్షిణాది సంఘాల్లో కులం ఉండకూడదని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లోనే ఆదేశించారు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం దాన్ని షరతుగా మార్చింది; లైప్‌జిగ్ లూథరన్లు మాత్రం కలిసిరాలేదు. అంటరానివారు వండిన అన్నం తిన్నవాడే కులం వదిలినట్టు. షరతు గట్టిదే, కానీ పరీక్ష ఒక్క పూటతో ముగిసేది. విస్తరి ఎత్తేశాక పెళ్లి సంబంధం ఎక్కడ కలుపుకున్నాడో, ఏ కులపు గేరిలో (వాడలో) ప్రార్థనకు వెళ్లనన్నాడో ఆ పరీక్షకు అందదు.

అసలు వివాదం 1866 తరవాతి కాలానిది. ఆ ఏడాది యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బాప్తిస్మం పొందారు. ఆయన చుట్టరికాల వెంట బాప్టిస్టు ఉద్యమం పల్లెపల్లెకూ పాకింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామన్న ఒంగోలు పైకులాల వారి మాటను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాదన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ తెగువను తక్కువ చేయనక్కర్లేదు. అయితే సువార్త బంధుత్వం దారిన నడిచినప్పుడు సంఘం కూడా ఆ బంధుత్వం హద్దుల్లోనే నిలిచింది. బాప్టిస్టుల్లో మాదిగలు, కడప ప్రాంతపు లండన్ మిషన్‌లోనూ నంద్యాల ఆంగ్లికన్లలోనూ మాలలు ఎక్కువయ్యారు. ఉపదేశి కూడా తరచు ఆ కులంవాడే. కులాన్ని మిషనరీలు కోరి పెంచారనడం అన్యాయం. ఒంటరిగా వచ్చినవాడికి పల్లెలో నిలువనీడ ఉండేది కాదు, గుంపుగా వచ్చినందువల్లే బడి, గౌరవం దక్కాయి. అయినా సంఘాల్లోని కుల చీలికను విశ్వాసుల పాత అలవాటుగా మాత్రమే చూపడం కుదరదు. ఆ సంఘాలు పుట్టిన తీరులోనే అది ఉంది. ఆదోని ప్రాంతంలోని కోసిగి వంటి ఊళ్లలో మాలగేరి, మాదిగగేరి వేరువేరు. ఒక గేరిలో లేచిన ప్రార్థనామందిరం రెండో గేరివారికి తమదిగా తోచడం తేలిక కాదు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం పలు మిషన్లను కలిపింది, గేరులను కలపలేదు. 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ ప్రసంగంతో దళిత వేదాంతం సెమినరీల్లో అడుగుపెట్టింది. పైకులాల అణచివేతను అది సూటిగా పట్టుకుంది. దళితుల్లోని ఎగుడుదిగుళ్ల మీద మాత్రం చాలాకాలం గొంతు తగ్గించింది. 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఆ మౌనాన్ని సంఘాల బయటినుంచి బద్దలుకొట్టింది.

కుల మనస్తత్వానికి క్రైస్తవంలో చోటు లేదని భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 1982లో ప్రకటించింది; 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం విడుదల చేసింది. 2008 నుంచి కర్నూలు బిషప్పుగా పనిచేసిన పూల ఆంథోని 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఇది నిజంగా సంతోషించదగ్గ మార్పు. కానీ ఆ విధానం అమలు ఆయా బిషప్పుల ఇష్టం మీద ఆధారపడింది. అమెరికాలోనూ నియమం ఉన్నా, అది డయోసిస్‌కో తీరుగా అమలైంది.

ఇక్కడ కాపరులకు కుల శిక్షణ పెట్టినా, అది సెమినరీ పాఠంగా ఆగితే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో కులం లెక్క చూసే పెద్దలకు అది చేరదు. పల్లెల్లో విస్తరిస్తున్న స్వతంత్ర సంఘాలు ఏ బిషప్పు కిందా లేవు. అక్కడ కాపరే కమిటీ, కాపరే సెమినరీ. ఏ డయోసిస్ నియమమూ ఆయన్ను కట్టడి చేయలేదు.