కలివి కోడిని ఎవరు పోగొట్టుకున్నారు?

మాది వేముల అని చెప్తే ఇప్పుడు అందరూ తుమ్మలపల్లి యురేనియం గని గురించే అడుగుతారు. చిన్నప్పుడు నాకు తెలిసిన వేముల అంటే గుట్టలు, ఆ గుట్టల మీద కలివి పొదలు. కాయలు మాగే రోజుల్లో మా అవ్వ కొంగులో కలివి పండ్లు ఏరుకొచ్చేది. నల్లగా నిగనిగలాడేవి. తొడిమ తుంచితే పాలు కారేవి. అవ్వ చేతుల నిండా ముళ్ళు గీరిన గాట్లు. ఆ పొద పేరు పెట్టుకున్న పక్షి ఒకటి మా జిల్లాలోనే ఉందనీ, 86 ఏళ్ళ పాటు దాని ఆనవాలు ఏ శాస్త్రవేత్తకూ దొరకలేదనీ హైదరాబాదుకు ఉద్యోగానికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

దాని పేరు కలివి కోడి. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్. కోడి అన్నారు గానీ కోడి జాతి కాదు. తీతువు పిట్ట కంటే చిన్నది, 27 సెంటీమీటర్లు ఉంటుంది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, రాత్రి తిరిగే ప్రాణి కాబట్టి పెద్ద పెద్ద కళ్ళు. పగలు పొదల నీడన కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక నేల మీద నడుస్తూ చెదపురుగులు, చీమలు ఏరుకు తింటుంది.

శాస్త్రం లెక్కలో దాని కథ 1848లో మొదలైంది. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్‌కు ఈ పక్షి దొరికితే, కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. తర్వాత బ్లాన్‌ఫోర్డ్ గోదావరి లోయలో, భద్రాచలం, సిరోంచ వైపు దీన్ని చూశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూసినట్టు రాశాడు. అనంతపురం అంటే మాకు పడమటి పొరుగు. అదే చివరి కబురు. ఆ తర్వాత వెతికినవాళ్ళందరూ ఉత్త చేతులతో వెనక్కి పోయారు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చాడు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, బైనాక్యులర్స్ కంటే ముందు బొమ్మ పట్టుకుని తిరిగాడు. పిట్టలు పట్టి బతికేవాళ్ళకూ, గొర్రెలు మేపేవాళ్ళకూ దాన్ని చూపించి అడిగాడు. 1986 జనవరిలో ఒక రాత్రి, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పక్క చిట్టడవిలో, ఐతన్న అనే వేటగాడు టార్చి వెలుగులో ఆ పక్షిని చూసి, ఒడుపుగా చేత్తో పట్టేసుకున్నాడు. 86 ఏళ్ళ తర్వాత ఒక కలివి కోడి మనిషి చేతిలో ప్రాణంతో ఉంది. ఆ పక్షి మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. దాని చర్మం ఇప్పుడు బాంబేలో ఆ సొసైటీ దగ్గరే ఉంది.

ఈ సంఘటనను పుస్తకాల్లో ‘పునరావిష్కరణ’ అంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. పేరున్న ప్రాణి పోయినట్టెట్లా? ఏ పొదల మధ్య తిరుగుతుందో ఆ పొద పేరే పెట్టి పిలిచారంటే, దాన్ని చూసి, గుర్తుపట్టి, పక్కవాడికి చెప్పినవాళ్ళు ఉన్నారనే కదా. అయితే న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. అది లోకంలో ఇంకెక్కడా లేదని వాళ్ళకు తెలియదు. ఆ సంగతి తెలిసినవాళ్ళకు పక్షి తెలియదు. ఈ రెండూ కలవడానికే 86 ఏళ్ళు పట్టింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు, 464 చదరపు కిలోమీటర్లు. పక్షి బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. కానీ ఎన్ని పక్షులున్నాయో, ఎక్కడున్నాయో, ఎట్లాంటి చోటు దానికి కావాలో ఎవరికీ సరిగా తెలియదు. రాత్రిపూట, ముళ్ళ పొదల్లో, అలికిడైతే బిగుసుకుపోయే పక్షిని లెక్కపెట్టేదెట్లా?

2000 నుంచి జగన్నాథన్ చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో ఇష్టమైన భాగం. పక్షి వెంట పడలేదు. పొదల మధ్య నేల చదును చేసి, మెత్తటి మట్టి పట్టీలుగా పరిపించి, తెల్లారి వచ్చి అడుగుజాడలు చూసేవాళ్ళు. కలివి కోడికి వెనక వేలు ఉండదు, మూడే వేళ్ళు. మిగతా మూడు వేళ్ళ పిట్టల నుంచి దాన్ని వేరు చేయడానికి జాడల కొలతలు తీసుకున్నారు. జాడ పడిన చోట ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. తర్వాత కూత దొరికింది. పొద్దు గూకాక కాసేపటికి, రెండు ముక్కల కూత, మళ్ళీ మళ్ళీ, కొద్దిసేపు మాత్రమే. దాన్ని రికార్డు చేసి వేరే చోట్ల వినిపిస్తే, అక్కడ పక్షి ఉంటే బదులు పలుకుతుంది. చూడకుండానే లెక్కపెట్టే దారి అది.

ఈ పరిశోధనలో తేలిన ఒక సంగతి అడవుల కాపలా గురించి మనకున్న అభిప్రాయాలను కాస్త ఇబ్బంది పెడుతుంది. కలివి కోడికి దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. మనిషెత్తు దాటిన పొదలూ చెట్లూ హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, మధ్యలో నడవడానికి ఖాళీ నేల ఉండాలి. ఆ మధ్యరకం చిట్టడవిని అట్లా ఉంచేది ఏది? మేకలు, గొర్రెలు, కట్టెలు కొట్టుకునేవాళ్ళు. మేత ఎక్కువైతే పొద పోతుంది. మనుషుల్నీ పశువుల్నీ పూర్తిగా బయటికి తోలేస్తే పొదలు కమ్ముకుని నడిచే చోటు పోతుంది. కాబట్టి కంచె వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఎంత మేపాలి, ఎక్కడ ఆపాలి అని కాపరులతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన వ్యవహారం ఇది. మన శాఖలకు అలవాటు లేనిది సరిగ్గా ఇదే.

2005లో తెలుగుగంగ వచ్చింది. కాలువ పని కోసం యంత్రాలు పక్షి తిరిగే పొదల్లోకి దిగాయి. పరిశోధకులు గోల పెట్టారు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా పోయింది. చివరికి కాలువ దారి మార్చారు. ఢిల్లీలోనో బెంగుళూరులోనో కూర్చుని చదివితే ఇది సులువుగా మంచీ చెడూ కథ అయిపోతుంది. నాకు అంత సులువు కాదు. బోరు ఎండిన ఏడాది చీనీ చెట్లు నరికేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి. కాలువ అనే మాట వింటే మా ఇంట్లో మాటలు ఆగిపోయేవి. ఆ దారి మార్పులో నాకు నచ్చింది ఏమిటంటే, నీళ్ళు ఆగలేదు, పక్కకు జరిగాయి. సర్వే గీత గీసేటప్పుడే ఒకసారి పొదల వంక చూసి ఉంటే కోర్టు దాకా పోయే పనే లేకపోయేది.

ఇక గుడ్డు సంగతి. స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో కలివి కోడిదని రాసి ఉన్న గుడ్డు ఒకటి బయటపడింది. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పశువుల డాక్టరుగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించింది. అప్పటిదాకా ఈ పక్షి గుడ్డును శాస్త్రం ఎరగదు. పెంకు నుంచి తీసిన డీఎన్ఏను మ్యూజియాల్లోని పాత చర్మాల కాలి ముక్కల డీఎన్ఏతో పోల్చి, ఇది కలివి కోడి గుడ్డేనని 2013లో ప్రకటించారు. అంటే 1900లో ఆగిందనుకున్న లెక్క ఇంకో 17 ఏళ్ళు ముందుకు జరిగింది. తెలుగువాళ్ళు బోలెడుమంది బతికిన కోలారు గనుల వైపూ ఈ పక్షి ఉండేదేమోననే అనుమానం మొదలైంది. గుడ్డు మాత్రం తన కబురు చెప్పకుండా దాదాపు వందేళ్ళు డబ్బాలో పడుకుంది.

అదే కాలంలో లంకమల సద్దుమణిగింది. 2000ల దశాబ్దం ముగిశాక ఏళ్ళ తరబడి ఖాయమైన ఆనవాలు లేదు. 2025 ఆగస్టు చివర్లో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూత రికార్డు చేశామని ప్రకటించారు. మళ్ళీ చెవులకే దొరికింది, కంటికి కాదు.

మొన్న ఊరికి పోయినప్పుడు అవ్వకు ఫోన్లో పాత రికార్డింగ్ వినిపించాను. రెండుసార్లు విని, “ఇది మన గుట్ట మీద యాడా వినలేదు నాయనా” అంది. తర్వాత కాస్త ఆగి, “రాత్రిపూట గుట్టకు పోయిందెప్పుడులే నేను” అని ఫోన్ నా చేతికిచ్చేసింది.