ఎనుబది యేండ్ల మౌనము

సంఘములో పెద్దలను భూస్థాపన చేయునప్పుడు వారి జీవిత చరిత్ర చదివించుట మన ఆచారము. పుట్టిన తేది, ఉద్యోగము, సంతానము అందులో ఉండును. గుండెలో మోసిన భారము మాత్రము చాలసార్లు ఆ కాగితము మీదికి రాదు. ఈ సంగతి తలంచినప్పుడెల్ల మాకు ఇంగ్లండు దేశపు వృద్ధ సైనికుడు హారీ ప్యాచ్ గారు జ్ఞాపకము వచ్చుచుందురు.

ఆయన 1898 జూన్ 17న సోమర్సెట్ ప్రాంతములోని కూమ్ డౌన్ గ్రామములో జన్మించినారు. బడి విడిచి ప్లంబరు పని నేర్చుకొన్నారు. యుద్ధము ఆయన కోరుకొన్నది కాదు. నిర్బంధ సైనిక సేవ క్రింద పట్టాళములో చేర్చుకొనగా, 1917లో బెల్జియములోని పాషెండేల్ యుద్ధమునకు వెళ్ళినారు. ఐదుగురు కలసి ఒక లూయిస్ మరతుపాకి నడిపెడివారు. సాధ్యమైనంతవరకు ఎదుటివాని ప్రాణము తీయరాదని వారు తమలో తాము ఒప్పందము చేసికొన్నారు.

ఆ యుద్ధభూమిలో ఒకనాడు దేహము చీలిపోయిన యౌవనుడొకడు, తనను కాల్చి బాధ తీర్చుమని వేడుకొన్నాడు. ప్యాచ్ గారు తుపాకి తీయకమునుపే అతడు తల్లిని పిలిచి కన్నుమూసినాడు. అది భయముతో వేసిన కేక కాదనియు, మరణము అంతము కాదని ఆనాడే తనకు నమ్మిక కలిగినదనియు ప్యాచ్ గారు ముసలితనములో చెప్పినారు.

1917 సెప్టెంబరు 22న పైన పేలిన గుండు వారి జట్టులో ముగ్గురిని బలిగొన్నది. ఆయన గాయపడి ఇంటికి చేరినారు. 1919లో ఏడా అను ఆమెను వివాహము చేసికొన్నారు. ఇద్దరు కుమారులు కలిగినారు. ప్లంబరు పని చేసి సంసారము నడుపుకొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధములో బాత్ నగరముపై బాంబులు పడినప్పుడు మంటలార్పు దళములో పనిచేసినారు. అయితే తాను చూచిన యుద్ధమును గూర్చి భార్యకు సహితము చెప్పలేదు. 1976లో ఆమె ఆ మాట వినకయే గతించినది. ఏటేటా సెప్టెంబరు 22ను ఆయన ఒంటరిగా, మౌనముగా ఆచరించెడివారు.

1998లో నూరేండ్లు నిండిన తరువాతనే ఆయన నోరు విప్పినారు. 2004లో ఆ యుద్ధములోనే జర్మను పక్షమున పోరాడిన చార్లెస్ క్యూన్జ్ గారిని కలిసికొన్నారు. ఆయన బిస్కట్ల డబ్బా ఇచ్చినారు, ఈయన తమ ఊరివైపు యాపిలు సారాయి సీసా ఇచ్చినారు. నూరేండ్లు దాటిన ఆ ఇద్దరి చేతులు కలిసినవి.

ప్యాచ్ గారు 2009 జూలై 25న, 111వ యేట మరణించినారు. ఆగస్టు 6న వెల్స్ కథీడ్రల్‌లో ఆరాధన జరిగినది. ఆయన కోరిక ప్రకారము అక్కడికి ఏ ఆయుధమును తేలేదు. బెల్జియము, ఫ్రాన్సు దేశముల సైనికులతోపాటు జర్మను సైనికులును పెట్టె వెంట నడిచినారు.

లోకమంతయు విన్న మాటను ఇంటి ఇల్లాలు వినలేకపోయినది. ఇది మమ్మును కలవరపరచుచున్నది. పట్టాళములో పనిచేసి వచ్చిన తాతలు మన సంఘములలోను ఉన్నారు. కాపరులమైన మేము వారి ఇండ్లకు వెళ్ళి, ప్రార్థించి, కాఫీ త్రాగి, గడియారము చూచుకొని లేచుచున్నాము. వారు చెప్పదలచినంత చెప్పనిత్తము, చెప్పలేనిదానికై బలవంతపెట్టక వారి ప్రక్కన కూర్చుందము. కుమారులారా, కోడండ్రా, మనుమలారా, మీరును అట్లే చేయుడని మా మనవి. చరిత్ర కాగితము వ్రాయు దినమున కాదు, వారు మన మధ్య ఉన్న ఈ దినములలోనే.