బంగాళాఖాతపు తుఫానులు - దేశముల పొత్తు

యానామునకు కొలది మైళ్ళ దూరమున నున్న కోరంగి నేడొక చిన్న గ్రామము. ఒకప్పు డది ఓడలు కట్టు రేవు; దూరదేశములకు సరకులు నెగుమతి చేసిన స్థలము. 1789 డిసెంబరులో ఒకదానివెంట నొకటిగా వచ్చిన మూడు ఉప్పెన కెరటములు దానిని ముంచివేసెను. 1839 నవంబరు 25న మరల ఉప్పెన వచ్చెను. అటుపిమ్మట ఆ రేవు పూర్వవైభవమును పొందలేదు. ఈ రెండవ ఉప్పెనలో మూడు లక్షలమంది మరణించిరని పలు గ్రంథములలో కనబడును గాని, ఆ కాలమున ఆ చిన్న తీరభాగములో అంతటి జనసంఖ్య యుండెనని నమ్ముట కష్టము. మరణించిన జాలరుల పేర్లు వ్రాసినవారు లేరు. అందుచేతనే లెక్క ఊహకు విడువబడినది.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టను అను నాతడు ఇట్టి ఉప్పెనలను శాస్త్రదృష్టితో పరిశీలించెను. వేర్వేరు ఓడల దినచర్య పుస్తకములను సేకరించి, ఒకే వేళ ఏ చోట గాలి ఏ దిక్కునుండి వీచినదో పోల్చి చూచి, తుఫాను గాలి సుడి తిరుగు తీరును నిరూపించెను. 1848లో నావికులకై వ్రాసిన గ్రంథమున, గ్రీకుభాషలో పాముచుట్ట యను నర్థము గల మాటనుండి దానికి సైక్లోను అని పేరు పెట్టెను. ఒక ఓడవాడు తన గాలినే యెరుగును. పది ఓడలవారు చెప్పినదానిని ఒకచోట చేర్చినగాని సుడి కనబడదు. వాతావరణ విషయమున దేశముల పొత్తునకు మూలకారణ మిదియే.

1853లో బ్రస్సెల్సు నగరమున పది దేశములవారు కూడి, సముద్రముపై గాలిని, ఉష్ణమును ఒకే పద్ధతిని గుర్తించుటకు ఒప్పుకొనిరి. 1864లో అక్టోబరున కలకత్తాను, నవంబరున బందరును తుఫానులు నాశనము చేసెను; బందరు ప్రాంతమున ముప్పదివేల మంది మరణించి రందురు. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. అంతకు రెండేండ్ల ముందు వియన్నాలో ఆరంభమైన అంతర్జాతీయ సంస్థయే 1950లో ప్రపంచ వాతావరణ సంస్థగా మారెను.

అయినను వార్త పంచుకొన్నంతమాత్రమున ప్రాణములు దక్కవు. 1970 నవంబరులో తూర్పు పాకిస్తానులో లక్షలాది జనము ఉప్పెనకు బలియైరి. ఆ ఘోరమునకు పిదప, 1972లో ఈ సముద్రతీర దేశముల తుఫాను సంఘము ఏర్పడెను. యుద్ధము ముగిసిన కొలదికాలమునకే ఇరుగుపొరుగు దేశములు గాలివార్తలకై ఒక బల్లకడ కూర్చొనుట సామాన్యవిషయము కాదు. నేడు తుఫానులకు పేర్లు పెట్టుచున్నది ఈ సంఘపు దేశములే.

ఫలము వెంటనే లభింపలేదు. 1977లో దివిసీమలో సుమారు పదివేలమంది, 1999 అక్టోబరు 29న ఒడిశాలో మరల అంతమంది మరణించిరి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటెను. ఆ గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. తీరమున తెలుగు జాలరిపల్లెలు నేటికిని కలవు. పది లక్షలమందిని ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. 2019 మే 3న పూరీని తాకిన తుఫానుకు బంగ్లాదేశము ఫణి యని పేరిచ్చెను. పిడింగ్టను పాము మరల వచ్చినదన్నమాట! ఆనాడు పూరీలోని పెంటకట జాలరిపేటలో తెలుగువారి యిండ్లు కూలినవి.

హెచ్చరిక చేయుటలో కుదిరిన పొత్తు, కారణమును తొలగించుటలో ఇంకను కుదరలేదు. బొగ్గు, చమురు మండించుటచే భూమి వేడెక్కుచున్నది. వేడియైన సముద్రజలము తుఫానునకు బలము నిచ్చును. 1901 మొదలు 2018 వరకు సముద్రమట్టము ఇరువది సెంటీమీటర్లు పెరిగినదని 2021 నాటి అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక తెల్పుచున్నది. మట్టము పెరిగినకొలది ఉప్పెన మరింత లోనికి వచ్చును. 1992లో రియోలో ఒడంబడిక జరిగెను. 1997లో క్యోటోలో సంపన్నదేశములకు హద్దులు పెట్టిరి. 2015లో పారిస్‌లో ప్రతి దేశము తన హద్దును తానే నిర్ణయించుకొనునట్లు మార్చిరి. ఈ మార్పువలన దాదాపు అందరును చేరిరన్నది నిజమే. మాట తప్పినవారిని అడుగువారు లేకుండుటయు అంతే నిజము.

గంజాం తీరమున, ఋషికుల్యానది ముఖద్వారమునకు చేరువనున్న పొదంపేటయను తెలుగు జాలరిపల్లెను సముద్రము కోసివేయగా, జనము లోతట్టునకు తరలవలసివచ్చెను. తీరపు కోతకు రేవుల నిర్మాణము, నదులు తెచ్చు ఇసుక తగ్గుట మున్నగు కారణములును ఉండును. అంతయు వాతావరణపు మార్పునకే అంటగట్టుట న్యాయము కాదు. ఇట్టి నష్టములకై 2022లో ఈజిప్టునందు జరిగిన సభలో ఒక నిధిని అంగీకరించి, మరుసటి యేట దుబాయిలో దానికి రూపమిచ్చిరి. వలయు ధనముతో పోల్చిన, దేశములు వాగ్దానము చేసినది మిక్కిలి స్వల్పము. ఫణి వెడలిన పిదప పెంటకట జాలరులు ఆ యిసుకమీదనే మరల కప్పులు వేసికొనిరి.