కచేరీ మాటలు – బ్రౌన్ జిల్లా నిఘంటువు

దక్షిణాదిలో ఈస్టిండియా కంపెనీ పరిపాలన కుదురుకొంటున్న రోజులలో, ఇంగ్లండు నుండి కొత్తగా వచ్చిన యువ ఉద్యోగిని ఎండకంటె ముందుగా చిక్కుపెట్టినది తన బల్లమీదికి వచ్చే కాగితం. 1812లో మద్రాసులో నెలకొన్న సెంటు జార్జి కోట కళాశాలలో అతడు తెలుగు వ్యాకరణం చదివి, పరీక్ష నెగ్గి జిల్లాకు చేరేవాడు. కచేరీలో గుమాస్తా చదివి వినిపించే అర్జీలోని మాటలు మాత్రం ఆ వ్యాకరణంలో గాని, పండితుడు చెప్పిన పద్యాలలో గాని తగిలినవి కావు. జమాబందీ, బేరీజు, ముచ్చలికా, ఖరారునామా, తాఖీదు, పైమాషీ – క్రియాపదం ఒక్కటే తెలుగు, మిగిలినదంతా పరాయి సరకు.

ఈ సరకు ఒక్కనాటిలో దిగుమతి అయినది కాదు. గోలకొండ కుతుబ్‌షాహీలు, 1687 తర్వాత మొగలులు, ఆ పిమ్మట నిజాములు, మధ్యలో మహారాష్ట్ర లెక్కల ఉద్యోగులు – వచ్చిన ప్రతి ప్రభుత్వమూ తన పన్నుతోపాటు ఆ పన్నుకు సంబంధించిన మాటలను కూడ విడిచి వెళ్ళింది. అరబ్బీ, పారశీక పదాలు కొన్ని, తురుష్క పదాలు కొన్ని, మరాఠీ పదాలు కొన్ని కలిసి కచేరీ భాష ఏర్పడింది. 1765 ఫర్మానాతో ఉత్తర సర్కారులు, 1800లో దత్తమండలాలు కంపెనీ వశమైనప్పుడు, భూమితోపాటు ఈ పదజాలం కూడ దాని చేతికి వచ్చింది. ‘జిల్లా’ అనే మాటే అరబ్బీది. ఆ భాషలో దానికి ప్రక్కటెముక, ప్రక్క అని అర్థం.

పదాలు తెలియకపోవడం ఒక ఎత్తు, తెలిసినట్లు భ్రమపడడం మరొక ఎత్తు. శిస్తు అంటే భూమిపై విధించిన పన్ను. కిస్తు అంటే దానిని చెల్లించే వాయిదా. ఒక్క అక్షరం తేడాలో సంవత్సరపు బాకీ వేరు, ఆ నెల బాకీ వేరు. తగవు పరిష్కరించుకొన్నామని కక్షిదారులు ఇచ్చే కాగితానికీ, భూమి వదులుకొంటున్నానని రైతు ఇచ్చే కాగితానికీ రాజీనామా అనే పేరే ఉండేది. ఏ రాజీనామా ఏదో పోల్చుకోలేని అధికారి చేతిలో ఒక కుటుంబం సేద్యపు హక్కు ఊగిసలాడేది. దర్ఖాస్తు అంటే ఏదైనా విన్నపం. మద్రాసు రెవెన్యూ వాడుకలో అది ప్రభుత్వ బంజరు కోసం పెట్టుకొనే విన్నపంగా స్థిరపడింది.

ఈ ఇబ్బంది లండను దాక ప్రాకింది. కంపెనీ వ్యవహారాలపై పార్లమెంటు సంఘం 1812లో సమర్పించిన సుప్రసిద్ధమైన అయిదవ నివేదికను, అందులోని మాటలు తెలియక, సభ్యులే చదవలేని పరిస్థితి. భగవద్గీతను 1785లో ఆంగ్లీకరించిన చార్లెస్ విల్కిన్స్ మరుసటి ఏడు దానికొక పదకోశం కూర్చవలసి వచ్చింది. అదీ చాలలేదు. 1842లో కంపెనీ డైరెక్టర్లు ఒక చిత్తు పదాల పట్టికను ఖాళీ గడులతో అచ్చువేయించి భారతదేశానికి పంపి, జిల్లా అధికారులు తమ తావులలో వినే మాటలతో, సరియైన లిపితో, అర్థాలతో ఆ గడులు నింపి పంపాలని కోరారు. ఆశించినంత సమాధానం రాలేదు. నింపవలసిన పట్టిక బల్లమీద మూలగడం నేటి ఉద్యోగులకు మాత్రమే పరిమితమైన లక్షణం కాదన్నమాట. చివరకు ఆక్స్‌ఫర్డు సంస్కృతాచార్యుడు హొరేస్ హేమన్ విల్సన్ శ్రమకోర్చి, న్యాయ, రెవెన్యూ పదాల బృహత్ కోశాన్ని 1855లో వెలువరించాడు.

అంతకు మూడేళ్ళ ముందే మద్రాసులో ఈ పనిని మరొక దారిలో చేసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తెలుగువారు ఆయనను వేమన పద్యాల ఉద్ధారకుడిగా, తెలుగు–ఇంగ్లీషు నిఘంటుకర్తగా స్మరిస్తారు. 1852లో ఆయన ప్రకటించిన జిల్లా నిఘంటువును తలచుకొనేవారు తక్కువ. భారతదేశంలో వ్యవహారాలలో వాడే మాటలను వివరించే చిన్న పుస్తకం అది. పదాలను రోమను లిపిలో ఇచ్చాడు. ఇది పాండిత్య లోపం కాదు, ప్రయోజన దృష్టి. కొత్త అధికారి మాటను మొదట చూడడు, వింటాడు. విన్నదానిని తనకు వచ్చిన అక్షరాలలోనే వెదుకుకొంటాడు. ఆ కాలంలోనే వెలువడిన ఆయన తెలుగు వాచకంలో కథలూ పద్యాలూ కాక స్వంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు ఉన్నాయి. 1854లో మిశ్రభాషా నిఘంటువు పేరుతో తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు వేరుగా ఒక కోశమే కూర్చాడు. వ్యాకరణ పండితులు ఎంగిలి మాటలని దూరంగా ఉంచిన వాటికి అక్షరక్రమంలో చోటు కల్పించడం సామాన్యమైన తెగువ కాదు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరినది మొదలు కచేరీలలో, న్యాయస్థానాలలో మసలిన అనుభవమే ఆయనను ఈ దారి పట్టించి ఉండాలి.

అయితే ఈ కోశాలన్నీ ఏలేవారి సౌకర్యం కోసం పుట్టినవి. కట్టేవాడికి కోశం లేదు. రైతుకు ఆ స్థానంలో ఉన్నది గ్రామ కరణం. ముచ్చలికాలో ఏమి వ్రాసి ఉన్నదో కరణం చెప్పినదే రైతు విన్నది. విని, నిశానీ పెట్టినది. కరణం పలుకుబడిలో కొంత భాగం అతని లెక్కల కవిలెలో ఉంటే, కొంత భాగం ఈ పదాలలో ఉండేది. పట్టణంలో ఇదే పని ద్విభాషిది; దుబాసీ అన్నారు జనం. మద్రాసు సుప్రీంకోర్టులో ముఖ్య ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లలో కాశీయాత్ర చేసి వ్రాసిన చరిత్రలో కచేరీ మాటలు సహజంగా దొర్లుతాయి. రెండు భాషలు తెలియడం కంటె, రెండు కచేరీల తీరు తెలియడం దుబాసీకి అసలైన పెట్టుబడి.

పందొమ్మిదవ శతాబ్ది రెండవ సగంలో చిక్కు తిరగబడింది. ఇప్పుడు కాగితం ఇంగ్లీషులో వస్తున్నది. తికమకపడడం తెలుగు గుమాస్తా వంతు. పాఠశాలలో చదివిన ఇంగ్లీషు ఒకటి, ఫైలులో ఇంగ్లీషు మరొకటి. ఉత్తరంలో తేదీ ప్రక్కన ‘ఇన్‌స్ట్.’ అని ఉంటే ఈ నెల, ‘అల్ట్.’ అని ఉంటే గడచిన నెల, ‘ప్రాక్స్.’ అని ఉంటే వచ్చే నెల. మూడూ లాటిను ముక్కలే; ఇంగ్లీషువాడికీ అవి అరువు సొత్తే. డి.ఓ. ఉత్తరంలోని డెమీ ఫ్రెంచి మాట, సగం అని అర్థం. పారశీకాన్ని అర్థం చేసుకోలేక అవస్థపడిన కచేరీయే తన వంతు వచ్చేసరికి గుమాస్తాకు అంతటి గహనమైన సంకేతాలను అప్పగించింది. పి.డబ్ల్యు.డి., ఎల్.టి.ఐ. వంటి పొడి అక్షరాలు వరుసగా వచ్చి చేరాయి. వీటిలో చివరిదానిని కొంత నిలిచి చూడాలి. ఎడమ చేతి బొటనవ్రేలి ముద్ర అని దాని అర్థం. అక్షరం రానివాడి సంతకానికి గుర్తుగా మూడు ఇంగ్లీషు అక్షరాలు!

ప్రజలు కొన్నిటిని మాత్రం సంతోషంగానే స్వీకరించారు. 1877లో వచ్చిన వి.పి. పద్ధతి, 1880 నుండి తపాలా శాఖ నడిపిన మనియార్డరు ఇంటింటి మాటలైనాయి. డబ్బు చేతికి తెచ్చే మాటకు నిఘంటువు అవసరం రాలేదు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది, 1974లో అధికార భాషా సంఘం ఏర్పడింది. పాలనా పదాలకు తెలుగు సమానార్థకాలు వరుసకట్టాయి. వాటిలో కొన్ని చక్కగా నాటుకొన్నాయి. కొన్ని రైతుకు పారశీకమంత దూరంగానే ఉండిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మండల రెవెన్యూ అధికారి అనే పదవి ఏర్పడింది. ఆ పేరును పూర్తిగా పలికినవారు తక్కువ. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలు మూడింటినీ కలిపి జనం ఎమ్మార్వో అన్నారు. ద్విత్వం చేరి, సంధి కుదిరి అది అచ్చమైన తెలుగు మాట వలె నడిచింది. కొన్నేళ్ళకు ప్రభుత్వం ఆ పేరు తీసివేసి, తహశీల్దారు అనే పాత పేరునే తిరిగి తెచ్చింది. తహశీల్ అంటే వసూలు. వసూలు చేసేవాడు తహశీల్దారు. కలెక్టరు అనే ఇంగ్లీషు మాటకు అర్థం కూడ సరిగ్గా అదే. పల్లెలలో మాత్రం కచేరీ మెట్లు ఎక్కే రైతు ఇప్పటికీ ఎమ్మార్వో ఆఫీసుకు వెళుతున్నాననే చెబుతాడు.