కంపెనీ లాభం రెండుచోట్ల రెండు రకాలు.. దొంగలెక్కలేనా?

బ్యాలెన్స్‌ షీట్‌లో భారీగా లాభం చూపిన కంపెనీ, పన్ను రిటర్నులో తక్కువ ఆదాయం చూపిందంటే మోసమే అనుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు. ఈ రెండు లెక్కల ఉద్దేశాలు, నిబంధనలు వేర్వేరు. అవేంటో తెలుసుకోండి.

ఏది ఎవరి కోసం?
ఆర్థిక నివేదికలు కంపెనీల చట్టం-2013 ప్రకారం తయారవుతాయి. వాటాదారులకు, అప్పిచ్చినవారికి కంపెనీ అసలు పరిస్థితి చెప్పడమే వీటి పని. ఆడిట్‌ తప్పనిసరి. వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 30 రోజుల్లోగా ఏఓసీ-4 ఫారంతో రిజిస్ట్రార్‌ ఆఫ్‌ కంపెనీస్‌కు సమర్పించాలి. రిటర్ను మాత్రం ఎంత పన్ను కట్టాలో తేల్చడానికి. చాలా కంపెనీలు దీన్ని ఐటీఆర్‌-6లో ఆదాయపు పన్ను శాఖకు ఇస్తాయి. సాధారణ గడువు అక్టోబరు 31.

తేడా ఎక్కడ?
* తరుగుదల: ఏడాది మొదట్లో రూ.10 లక్షలతో యంత్రం కొన్నారనుకోండి. పుస్తకాల్లో దాని ఆయుష్షు 15 ఏళ్లు. చివర్లో 5% విలువ మిగులుతుందనుకుంటే, ఏటా సమానంగా సుమారు రూ.63 వేలు ఖర్చు రాస్తారు. పన్ను లెక్కలో 15% చొప్పున తొలి ఏడాదే రూ.1.5 లక్షలు తీసేయొచ్చు. దీంతో పన్ను వేసే ఆదాయం తగ్గుతుంది.
* సీఎస్‌ఆర్‌, జరిమానాలు: పుస్తకాల్లో ఇవి ఖర్చులే. సీఎస్‌ఆర్‌ వ్యయాన్ని, చట్టం ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానాలను పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు.
* చిన్న సంస్థల బకాయిలు: సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టం చెప్పిన గడువులో (ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజులు) చెల్లించకపోతే, డబ్బు ఇచ్చిన ఏడాదే ఆ ఖర్చుకు మినహాయింపు.
* పాత నష్టాలు: వ్యాపార నష్టాన్ని 8 ఏళ్ల వరకు తర్వాతి లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. అందుకే లాభం వచ్చిన ఏడాదీ పన్ను తక్కువ ఉండొచ్చు.

ఒకటి ఇస్తే సరిపోదు
చిన్న ప్రైవేట్‌ కంపెనీ పెట్టినవారిలో కొందరు ‘ఐటీ రిటర్ను వేశాం కదా’ అని ఊరుకుంటారు. ఏఓసీ-4 ఆలస్యమైతే రోజుకు రూ.100 అదనపు రుసుం పడుతుంది. వరుసగా మూడేళ్లు ఆర్థిక నివేదికలు ఇవ్వకపోతే డైరెక్టర్లు 5 ఏళ్ల పాటు అనర్హులవుతారు. 2017లో ఇలా 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లపై వేటు పడింది. వ్యాపారం సాగకపోయినా, కంపెనీ రిజిస్టర్‌లో ఉన్నంతకాలం రెండూ సమర్పించాల్సిందే.

మీరు చూడొచ్చా?
కంపెనీ రిటర్ను గోప్యం. ఆర్థిక నివేదికలను మాత్రం కార్పొరేట్‌ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో నిర్ణీత రుసుం చెల్లించి ఎవరైనా చూడొచ్చు. పెట్టుబడి పెట్టమంటూ వచ్చినవారు రిటర్ను రసీదు ఒక్కటే చూపిస్తే తొందరపడకండి. ఆ రసీదులో అప్పులెన్నో, బకాయిలెన్నో కనిపించవు. ఆడిటైన నివేదికలు తెరిచి, ముందుగా ఆడిటర్‌ అభిప్రాయం చదవండి. అభ్యంతరాలేమైనా ఉంటే అక్కడే రాసి ఉంటాయి.