జాన్ బ్రౌన్‌కు పిచ్చి పట్టించిన చరిత్రకారులు

బానిసత్వ నిర్మూలన కోసం హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై దాడి చేసి, 1859 డిసెంబర్ 2న వర్జీనియాలోని చార్ల్స్ టౌన్‌లో ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ వీరుడా, హంతకుడా అన్న తగువు నేటికీ తెగలేదు. ఆధారాలు లేక కాదు. ఏ ఆధారానికి పీట వేయాలి, దేన్ని గుమ్మం బయటే నిలబెట్టాలి అన్న విషయంలో పండితులు చూపిన పక్షపాతం వల్ల.

బ్రౌన్ మీద పుస్తకాలకు కొదవ లేదు. 1909లో డుబాయిస్, 1910లో విల్లార్డ్, 1942లో మాలిన్ రాశారు. ఎవరి బ్రౌన్ వారిది. అయితే పండిత లోకంలో ఎక్కువ పెత్తనం చేసింది అలన్ నెవిన్స్ 1950లో 'ది ఎమర్జెన్స్ ఆఫ్ లింకన్'లో నిలబెట్టిన బ్రౌన్: మతి చలించిన మనిషి. అక్కడితో చర్చ దారి తప్పింది. పిచ్చివాడు వీరుడూ కాలేడు, ఆలోచనాపరుడూ కాలేడు.

ఈ వాదానికి ప్రధాన ఆసరా 19 అఫిడవిట్లు. అవి పుట్టిన సందర్భం ఏమిటి? ఉరిశిక్ష పడ్డాక బ్రౌన్ తరఫు యువ న్యాయవాది జార్జ్ హోయిట్ ఒహాయో వెళ్లి బంధుమిత్రుల చేత ప్రమాణపత్రాలు రాయించాడు. బ్రౌన్ తల్లి వైపు వారిలో మతిభ్రమణ ఉందని వారు చెప్పారు. వర్జీనియా గవర్నర్ వైజ్ మనసు కరిగించి బ్రౌన్ ప్రాణం దక్కించడమే వారి ఉద్దేశం. ఈ సంగతిని స్టీఫెన్ ఓట్స్ 1970లోనే ఎత్తిచూపాడు. ప్రాణభిక్ష కోసం రాసిన కాగితాలను వైద్యుడి నిర్ధారణల్లా చదవడం నెవిన్స్ స్థాయి పండితుడికి తగని పని. పైగా విచారణలో ఇలాంటి టెలిగ్రామ్‌నే చదివినప్పుడు బ్రౌన్ గాయాలతోనే లేచి, ఆ సాకు తనకు అక్కర్లేదని తోసిపుచ్చాడు. పట్టుబడిన బ్రౌన్‌తో స్వయంగా మాట్లాడిన వైజ్ కూడా, అతణ్ని పిచ్చివాడనుకునేవారు పొరబడుతున్నారని బహిరంగంగానే చెప్పాడు. ఉరితీయించినవాడికి కనిపించిన వివేకం తొంభై ఏళ్ల తర్వాత చరిత్రకారుడికి కనిపించలేదు!

అసలు ఆధారం కెనడాలో ఉంది. 1858 మే 8, 10 తేదీల్లో చాటమ్ పట్టణంలో బ్రౌన్ ఒక సభ జరిపాడు. 34 మంది నల్లజాతివారు, 12 మంది తెల్లవారు హాజరయ్యారు. నల్లజాతి జాతీయవాదానికి ఆద్యుడనదగ్గ మార్టిన్ డిలేనీ వారిలో ఒకడు. అధ్యక్షత వహించినవాడూ నల్లజాతి మతబోధకుడే, విలియం మన్రో. అక్కడ ఆమోదించిన తాత్కాలిక రాజ్యాంగంలో 48 అధికరణాలున్నాయి. ఒక వర్గం పౌరులు మరో వర్గంపై సాగిస్తున్న అన్యాయమైన యుద్ధమే బానిసత్వమని దాని పీఠిక నిర్వచించింది. లొంగిపోయినవాణ్ని న్యాయమైన విచారణ లేకుండా చంపరాదంది. బందీగా చిక్కిన స్త్రీపై అత్యాచారానికి మరణశిక్ష పెట్టింది. తాగుడునూ బూతులనూ సైతం వదల్లేదు. ప్రభుత్వాలను కూలదోయడం తమ లక్ష్యం కాదని, సవరణలు కోరుతున్నామని 46వ అధికరణం చెబుతుంది. ఆ మాటకూ ఆయుధాగారం మీద దాడికీ పొత్తు కుదరదు నిజమే. కానీ ఇంత తీరుగా అధికరణాలు పేర్చింది చెదిరిన బుద్ధి అంటే నమ్మేదెలా?

ఆ డిసెంబర్‌లోనే మాట చేతగా మారింది. తన కుటుంబాన్ని అమ్మేస్తారని భయపడి, చీపుర్లు అమ్మే నెపంతో కాన్సస్ వచ్చిన జిమ్ డేనియల్స్ మొర విని బ్రౌన్ దళం మిస్సౌరీలో జొరబడి 11 మందిని విడిపించింది. దారిలో ఒక బిడ్డ పుట్టింది. నడిచలికాలంలో వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణించి, 1859 మార్చిలో బ్రౌన్ డెట్రాయిట్ నుంచి ఆ 12 మందినీ కెనడాకు దాటించాడు. మిస్సౌరీ దాడిలో ఒక బానిస యజమాని హతుడయ్యాడు.

హార్పర్స్ ఫెర్రీ దాడిలో బ్రౌన్ వెంట నడిచిన 21 మందిలో అయిదుగురు నల్లజాతివారు. వారిలో బతికి బయటపడింది చాటమ్ సభలో పాల్గొన్న ఆస్బర్న్ అండర్సన్ ఒక్కడే. బానిసలు కదలనే లేదన్న వర్జీనియా ప్రచారాన్ని కొట్టిపారేస్తూ అతను 1861లో పుస్తకం ప్రచురించాడు. చుట్టుపక్కల బానిసలు ఉత్సాహంగా కలిసివచ్చారని అతని సాక్ష్యం. లోపలి నుంచి చూసినవాడి మాట కన్నా బయటివారి మాటకు ఎక్కువ విలువెందుకు? ఉరికి ముందు వారిలో మరొకడైన జాన్ కోప్‌లాండ్ ఇంటికి రాసిన ఉత్తరాల్లోనూ తమ పనిని వాషింగ్టన్ స్వాతంత్ర్య సమరంతో పోల్చుకున్నాడే తప్ప, పిచ్చివాడి వెంటపడి మోసపోయామన్న పశ్చాత్తాపం లేదు. అయిదుగురివైపు నుంచి చూస్తే బ్రౌన్‌ను వీరుడనడానికి ఇంకే తీర్పూ అక్కర్లేదు.

హంతకుడనేవారికీ ఆధారం ఉంది. 1856 మేలో కాన్సస్‌లోని పోటవాటమీ వద్ద బ్రౌన్ అయిదుగురిని ఇళ్లలోంచి ఈడ్చి కత్తులతో నరికించిన మాట వాస్తవమే. ఆ అయిదుగురిలో ఎవరికీ బానిసలు లేరు.

నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1859లో హార్పర్స్ ఫెర్రీ దాడికి రానన్నాడు. అది చావు ఉచ్చని హెచ్చరించాడు కూడా. అదే డగ్లస్ 1881లో ఆ ఊళ్లోని స్టోరర్ కాలేజీలో బ్రౌన్‌ను ఆకాశానికెత్తాడు. అప్పుడు వేదికపై కూర్చున్నవారిలో బ్రౌన్‌కు శిక్ష వేయించిన ప్రాసిక్యూటర్ ఆండ్రూ హంటర్ ఒకడు. వ్యూహాన్ని తిరస్కరించినవాడే మనిషిని అంగీకరించాడంటే నల్లజాతి అమెరికా మొత్తం తీర్పు ఎటో తెలుస్తూనే ఉంది.

వ్యతిరేక తీర్పును రాతికెక్కించినవారూ ఉన్నారు. దాడిలో మొదట బలైన హేవర్డ్ షెపర్డ్ బానిస కాడు, స్వేచ్ఛ ఉన్న నల్లజాతి రైల్వే ఉద్యోగి. 1931లో కాన్ఫెడరేట్ వారసుల సంఘాలు అతని పేరిట స్మారకం నిలిపి, విశ్వాసపాత్రులైన బానిసలకు ప్రతీకగా చూపాయి. దానికి జవాబుగా 1932లో డుబాయిస్ రాసిన ఫలకాన్ని స్టోరర్ కాలేజీ యాజమాన్యం పెట్టనివ్వలేదు. అది అక్కడ వెలిసేసరికి 2006 అయింది.