ఏడు లక్షల సంతకాలు, ఒక తెల్లపువ్వు

స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్ ప్రైమరీ స్కూల్లో పదహారు మంది ఐదారేళ్ల పిల్లలనూ వాళ్ల పంతులమ్మనూ ఒక దుండగుడు కాల్చి చంపి 2026 మార్చి 13కి ముప్పై ఏళ్లు. ఆ తేదీ వచ్చిందంటే అదే బడిలో చదివిన టెన్నిస్ వీరుడు ఆండీ ముర్రేను తలుచుకోవడం పత్రికలకు అలవాటు. తలుచుకోవలసినవాళ్లు ఇంకొందరున్నారు.

అంతకు ముందు బ్రిటన్ తుపాకి చట్టాల కథ క్లుప్తమే. 1689 నాటి హక్కుల చట్టం ప్రొటెస్టెంట్లకు ఆయుధం ఉంచుకునే వీలిచ్చింది. అక్కణ్నుంచి ఒక్క గెంతు గెంతితే 1870. పోస్టాఫీసులో పది షిల్లింగులు కడితే తుపాకి వెంటేసుకుని తిరిగే లైసెన్సు చేతికొచ్చేది. ఆ బ్రిటిష్ దొరలే ఎనిమిదేళ్లు తిరక్కుండా ఆయుధాల చట్టం తెచ్చి మన దేశంలో జనానికి తుపాకి అందకుండా కట్టడి చేశారు. 1922లో అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డాడు. సొంతగడ్డ మీద మాత్రం దొరలు గట్టి చట్టం చేసుకున్నది 1920లో, అదీ రష్యా విప్లవం గాలి తమ దేశానికీ సోకుతుందన్న భయంతో. 1987లో ఇంగ్లండ్‌లోని హంగర్‌ఫర్డ్‌లో కాల్పులకు పదహారు మంది చనిపోయాక సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను నిషేధించారు. పిస్తోళ్ల జోలికి పోలేదు.

డన్‌బ్లేన్ హంతకుడు తెచ్చినవి రెండు పిస్తోళ్లు, రెండు రివాల్వర్లు. అన్నిటికీ లైసెన్సుంది. అతని లైసెన్సు రద్దు చేయమని 1991లోనే ఒక పోలీసు అధికారి రాస్తే పైవాళ్లు పక్కన పెట్టారు.

డన్‌బ్లేన్ కాల్పుల తర్వాత ఆన్ పియర్‌స్టన్ అనే మహిళ, ఆమె స్నేహితురాళ్లు సంతకాల సేకరణకు దిగారు. వాళ్లు రాజకీయాల్లో తలపండినవాళ్లు కారు. ఆ మార్చి చలిలో విరిసే తెల్లటి స్నోడ్రాప్ పువ్వు పేరే ఉద్యమానికి పెట్టుకున్నారు. కోరిక ఒక్కటే: ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో పిస్తోలు ఉండకూడదు. వాళ్ల తెలివంతా ఆ ఒక్క కోరికలోనే ఉంది. పది డిమాండ్ల పత్రం ఇచ్చి ఉంటే ఎంపీలు తొమ్మిదింటి మీద చర్చ పెట్టి పదోదాన్ని మరిచిపోయేవారు. ఇంటర్నెట్ ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో, కాగితం మీద పడిన సంతకాలు జులైలో పార్లమెంటుకు చేరేసరికి ఏడు లక్షలు దాటాయి. సినిమా హాళ్ల ప్రకటనకు గొంతు అరువిచ్చింది షాన్ కానరీ. పిస్తోలు పట్టుకునే పేరు తెచ్చుకున్న జేమ్స్ బాండ్ మరి!

మిగతా సాయం ప్రత్యర్థులే చేశారు. ఆగస్టులో పార్లమెంటు కమిటీలోని కన్జర్వేటివ్ సభ్యులు నిషేధం అక్కర్లేదని తేల్చడంతో, చల్లబడబోయిన ఆగ్రహం మళ్లీ రగిలింది. ఎవరైనా క్రికెట్ బ్యాటుతో బడిలో జనాన్ని కొట్టి చంపితే బ్యాట్లు నిషేధిస్తారా అని డిసెంబరులో రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్ అడిగారు. తర్వాత విచారం ప్రకటించవలసి వచ్చింది.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. పియర్‌స్టన్ లేబర్ పార్టీ మహాసభలో మాట్లాడితే సభంతా లేచి నిలబడింది. విచారణ జరిపిన లార్డ్ కల్లెన్ పూర్తి నిషేధం సూచించకపోయినా, కన్జర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ ప్రభుత్వం పాయింట్ 22 క్యాలిబరును మించిన పిస్తోళ్లన్నిటినీ నిషేధించింది. స్నోడ్రాప్ మహిళలకు అది చాల్లేదు. 1997 మేలో లేబర్ నేత టోనీ బ్లెయిర్ గెలిచారు, నవంబరుకల్లా పాయింట్ 22లనూ నిషేధిస్తూ చట్టం వచ్చేసింది. నష్టపరిహారం పుచ్చుకుని యజమానులు అప్పగించిన పిస్తోళ్లు లక్షా అరవై వేల పైమాటే.

ఆ తర్వాత కథ ఇంత తిన్నగా సాగదు. ఉత్తర ఐర్లాండ్‌కు ఆ నిషేధం వర్తించలేదు. 2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో పిస్తోలు పోటీలకు ప్రత్యేక అనుమతులివ్వాల్సొచ్చింది. 2010లో కంబ్రియాలో ఒక టాక్సీ డ్రైవరు లైసెన్సున్న షాట్‌గన్, రైఫిల్‌తో పన్నెండు మందిని చంపినా, స్నోడ్రాప్ లాంటి ఉద్యమం మళ్లీ పుట్టలేదు. 2021లో ప్లిమత్‌లో ఐదుగురిని చంపినవాడి షాట్‌గన్‌ను, దాడి కేసులో ఒకసారి లాక్కుని కూడా, పోలీసులే తిరిగిచ్చారు. షాట్‌గన్ లైసెన్సు రుసుమును 79.50 పౌండ్ల నుంచి 194కు పెంచింది 2025 ఫిబ్రవరిలో. షాట్‌గన్ నిబంధనలను రైఫిళ్ల నిబంధనలంత కఠినం చేద్దామంటే, పంట మీద పడే పక్షుల సంగతేమిటని పల్లెటూళ్ల రైతులు అడుగుతున్నారు.